గుంట మాడు పూడలేదు

మా పట్టణాన్ని గుంటలు లేని పట్టణంగా మార్చాలని కమిషనర్ గారు నిశ్చయించినప్పుడు ఎవరూ వ్యతిరేకించలేదు. గుంటల పక్షాన మాట్లాడేవాళ్లు ఎవరుంటారు?

మున్సిపల్ ఆఫీసు గేటుకు అడ్డంగా బ్యానరు కట్టారు. 'గుంటలు లేని పట్టణం: మా లక్ష్యం, మీ సహకారం.' కమిషనర్ గారిది దూరపు జిల్లా. మా వైపు గుంట అంటే గొయ్యి ఒక్కటే కాదని, ఆడపిల్లను కూడా గుంట అంటారని ఆయనకు తెలియదు. మగపిల్లవాడు గుంటడు. అందరూ కలిస్తే గుంటలు. బ్యానరు కింద నిలబడి కూడబలుక్కుని చదివిన ఒక ముసలాయన నేరుగా నా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"పిల్లల్నేని ఊరేటి బాబూ? దానికి మా సాయమేటి? ముసిలోణ్ని, నానేటి సెయ్యగల్ను?" అన్నాడు.

నేను ఫిర్యాదుల విభాగంలో జూనియర్ అసిస్టెంటును. ఆయన ప్రశ్నను నమోదు చేసి, 'సూచన గమనించడమైనది' అని రసీదు ఇచ్చాను. ఆయన రసీదును రెండు వైపులా చూసి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నన్ను గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తప్పు నాది. నా పేరు దేముడు. పెళ్లి చేసుకోలేదు. ఒక్కడినే ఉంటాను. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకాలు చదువుతాను. పొరపాటున జరిగేది ఏదీ ఉత్త పొరపాటు కాదని, లోపల ఎవరో కూర్చుని దాన్ని చేయిస్తారని వాటిలో ఉంటుంది. నా లోపల కూర్చున్నవాడు కూడా జూనియర్ అసిస్టెంటే అని నాకు తెలియడానికి ఈ వ్యవహారం కావలసి వచ్చింది.

కొత్త పథకంతో పాటు 'ఒకే కిటికీ' అనే కంప్యూటరు ఏర్పాటు వచ్చింది. పట్టణంలో ఏ శాఖవాళ్లు ఏది రాసినా అందులో పడుతుంది. ఎక్కడైనా 'గుంట' అనే మాట, 'పూడలేదు' అనే మాట ఒకే వాక్యంలో కనిపిస్తే, కంప్యూటరు దాన్ని పట్టుకుని నా దగ్గరికి పంపుతుంది. నేను చిరునామా సరిచూసి ఇంజినీరింగు విభాగానికి పంపాలి.

మూడో రోజున ఈ వాక్యం వచ్చింది. పంపినది కొత్తపేట అంగన్‌వాడీ టీచరు పుణ్యవతి.

'ఐదో నెల. గుంట మాడు పూడలేదు. రెండున్నర సెంటీమీటర్లు. బాగుంది.'

దాన్ని నేను ఇలా చదివాను. ఐదు నెలలుగా ఒక గుంట పూడకుండా ఉంది. 'మాడు' అంటే టీచరు తొందరలో సగం వదిలేసిన మాడవీధి. 'బాగుంది' అంటే వ్యంగ్యం. చదువుకున్న ఆడవాళ్లు మున్సిపాలిటీ మీద వ్యంగ్యం వాడటం నాకు కొత్త కాదు. అందుచేత 'మాడు' అన్నచోట 'మాడవీధి' అని దిద్ది, 'బాగుంది'ని 'అసంతృప్తి' అనే గడిలో వేసి, ముందుకు పంపాను.

మా అమ్మ నన్ను ముప్పై ఏళ్లదాకా 'మా గుంటడు' అనే పిలిచింది. పసిపిల్లల నడినెత్తిన మెత్తగా ఉండే చోటును మాడు అంటారని, అక్కడ నూనె అంటుతారని, అది పూడేదాకా తల జాగ్రత్తగా పట్టుకోవాలని నాకు తెలియక కాదు. అయినా ఆ వాక్యం చదివినప్పుడు నాకు పిల్ల కనపడలేదు. రోడ్డు కనపడింది.

*

నాలుగో రోజున ఏఈ విద్యాసాగర్ గారు రెండు బస్తాల తారు కంకరతో, నలుగురు మనుషులతో మాడవీధికి వెళ్లారు. ఆయనదీ కమిషనర్ గారి జిల్లాయే. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది.

'సదరు మాడవీధిని ఈ చివరి నుండి ఆ చివరి వరకు క్షుణ్ణంగా పరిశీలించగా పదకొండు గుంటలు కనబడినవి. అవి ఫిర్యాదులో లేనందున ముట్టుకొనలేదు. పిమ్మట రికార్డులోని ఇంటి నంబరుకు వెళ్లి గుంట ఎక్కడని విచారించగా, ఇంటికి తాళము వేసి ఉన్నది. పొరుగువారు "గుంట అమ్మమ్మ ఇంటికి ఎల్లినాది, ఆదోరం వొస్తాది" అని వాంగ్మూలమిచ్చినారు. కావున సదరు గుంట సంచార స్వభావము కలదిగా భావించడమైనది.'

ఆ రిపోర్టును టైపు చేసింది నేనే. 'అమ్మమ్మ' దగ్గర నా వేళ్లు ఒక్కసారి ఆగాయి. ఎందుకు ఆగాయో విచారించకుండా మిగతాది టైపు చేశాను.

కమిషనర్ గారు పచ్చసిరాతో రాశారు: 'గుంట తిరిగి వచ్చిన వెంటనే పూడ్చవలెను. ఇంటివారికి నోటీసు ఇవ్వవలెను. తెరిచిన గుంట గల ఇంటికి, అది పూడ్చు వరకు, ఈ కార్యాలయము నుండి ఏ ధ్రువపత్రమునూ జారీ చేయరాదు.'

*

సోమవారం ఉదయం ఒకామె నోటీసు పట్టుకుని నా కౌంటరుకు వచ్చింది. పేరు కనకం. జూటుమిల్లులో నూలు విభాగంలో పని. చంకలో పిల్ల, వెనకాల ఆమె తల్లి దాలమ్మ.

"బాబూ, పిల్ల పుట్టిన కాయితం కోసం ఇది మూడోసారి రావడం," అంది కనకం. "ముప్పయ్యో తారీకుతో నా సెలవు అయిపోతాది. మిల్లులో పిల్లల గది ఉంది. కాయితం నేకపోతే గుంటని అందులో సేర్చుకోరు. గుంటని వొగ్గీసి నాను పనికెల్లనేను. ఒకటో తారీకుకి ఎల్లకపోతే నా పేరు కొట్టీస్తారు."

ఆ రోజు ఇరవై ఐదు.

"మీ ఇంటి నంబరు మీద ఒక గుంట తెరిచి ఉందమ్మా," అన్నాను. "అది పూడితేగానీ రాదు."

"మా ఇంట్లో గుంటంటే ఇదొక్కత్తే," అని పిల్లను కాస్త పైకెత్తి చూపించింది. పిల్ల నన్ను చూసి, నాలో ఏమీ దొరకనట్టు ఫ్యాను వైపు తిరిగింది.

దాలమ్మ నోటీసును కూతురి చేతిలోంచి లాక్కుని కౌంటరు మీద పెట్టింది. "నాకు సదువు నేదు. ఏటుందో నువ్వే గట్టిగా సదువు నాయనా."

చదివాను. "మీ గుంటను ఏడు రోజులలోగా పూడ్చవలెను. లేనియెడల మున్సిపాలిటీ వారే వచ్చి పూడ్చెదరు."

నా గొంతులోంచి ఆ వాక్యం బయటికి వచ్చాక, అది ఏమిటో నాకు వినపడింది.

కనకం రెండడుగులు వెనక్కి వేసి పిల్లను పమిట కింద దాచింది. దాలమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు. "ఓలమ్మ! గుంటని పూడ్సీమంటన్నారే! ఎవుడ్రా ఈ రాత రాసినోడు?"

"నేనే," అన్నాను.

"నీకు పిల్లల్నేరా?"

"లేరు."

"అమ్మ నేదా?"

పుణ్యవతి టీచరు రాసిన వాక్యాన్ని మళ్లీ తెరిచాను. 'గుంట మాడు పూడలేదు. రెండున్నర సెంటీమీటర్లు. బాగుంది.' అందులో వ్యంగ్యం లేదు. పిల్ల బాగుందని రాసింది, అంతే.

*

తప్పు దిద్దుదామని వెంటనే కూర్చున్నాను. కంప్యూటరులో గుంటకు మూడే స్థితులున్నాయి: 'పూడ్చబడినది', 'పూడ్చబడుచున్నది', 'పూడ్చవలసి ఉన్నది'. 'ఇది గుంట కాదు' అనే నాలుగో గడి లేదు. ఏఈ గారి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను.

"పసిపిల్ల నెత్తా?" అని ఆయన చాలాసేపు ఆలోచించారు. "గుంట ఉందా లేదా?"

"ఉందండి. అంటే, అందరు పసిపిల్లలకీ ఉంటుంది."

"ఉంది కదా. మన పథకంలో గుంట నేల మీదే ఉండాలని ఎక్కడా లేదు, దేముడు గారూ. మీరు భావోద్వేగానికి లోనవుతున్నారు."

లోనయ్యానా అని పరీక్షించుకున్నాను. కొంచెం అయ్యాను.

బుధవారం సమీక్షా సమావేశం పెట్టారు. కనకాన్ని పిల్లతో సహా రమ్మన్నారు. ప్రభుత్వాసుపత్రి నుంచి పిల్లల డాక్టరమ్మను పిలిచారు. అధ్యక్షస్థానంలో కమిషనర్ గారు.

ముందుగా ఏఈ గారు కొలతలు తీశారు. ఆయన దగ్గర రోడ్లు కొలిచే స్టీలు టేపు ఉంది. దాన్ని పిల్ల తల దగ్గరికి తెచ్చేసరికి కనకం ఆయన చెయ్యి పట్టుకుంది.

"కోసుకుంటాది. దూరంగా ఎట్టి సూడండి."

దూరం నుంచే చూశారు. "పొడవు రెండున్నర, వెడల్పు రెండు. ఆకారం గాలిపటం వంటిది. ఐదు సెంటీమీటర్ల లోపు గనుక సూక్ష్మ గుంటల కోవలోకి వస్తుంది." ఇంకా దగ్గరికి వంగారు. ఆయన ముఖం మారింది. "సార్, లోపల కదలిక ఉంది! కొట్టుకుంటోంది. అడుగున నీటి పైపు లీకయినట్టు అనుమానం."

"మంచినీటి విభాగాన్ని పిలవండి," అన్నారు కమిషనర్ గారు.

డాక్టరమ్మ అప్పటిదాకా ఓపిక పట్టింది. "అది నాడి అండీ. పిల్ల బతికి ఉంది కాబట్టి కొట్టుకుంటోంది. పుట్టినప్పుడు తల ఎముకలు అతుక్కుని ఉండవు. మధ్యలో ఖాళీ ఉంటుంది. మొదటి ఏడాది మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. దానికి చోటు కావాలి. ఆ చోటే ఇది. వెనక వైపు చిన్నది రెండు నెలలకే పూడిపోతుంది. ఈ ముందుది ఏడాదికీ ఏడాదిన్నరకీ మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా, దానంతటదే పూడుతుంది. బాగా లోపలికి పోయినా, ఉబ్బినా మా దగ్గరికి తేవాలి. ఈ పిల్లకి అంతా సవ్యంగా ఉంది."

కమిషనర్ గారు కళ్లజోడు తీశారు.

"దానంతటదే అన్నారా?"

"అవునండి."

"కంకర లేకుండా?"

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. "కంకర లేకుండానే."

"టెండరు లేకుండా, కాంట్రాక్టరు లేకుండా!" ఆయన లేచి నిలబడ్డారు. "స్వయంపూరక గుంట! విద్యాసాగర్, దేశంలో ఏ పట్టణమైనా ఈ దిశగా ఆలోచించిందా?"

"లేదు సార్. మనమే ప్రథమం సార్."

కనకం నెమ్మదిగా అడిగింది. "అయితే నా కాయితం ఇచ్చీమని రాయండి బాబూ."

"తప్పకుండానమ్మా," అన్నారు కమిషనర్ గారు ఎంతో ఆప్యాయంగా. "పూడిన వెంటనే ఇస్తారు. పద్దెనిమిది నెలలు అంటే ఎంత? కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి."

"నా పనికి నాలుగు రోజులే ఉంది!"

"మీ త్యాగాన్ని ఈ పట్టణం మరచిపోదు," అని ఆయన చేతులు జోడించారు. "ఎవరైనా సలహాలు ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు."

గోడకు ఆనుకుని కూర్చున్న దాలమ్మ, "మాడుకి రోజూ పొద్దున్నే ఆవుదం అంటితే గట్టిపడతాది. మా అమ్మ నాకు అంటింది, నాను దీనికి అంటినాను," అంది, కూతురికేసి చూపిస్తూ.

"నూనెకీ దానికీ సంబంధం లేదు," అంది డాక్టరమ్మ.

కానీ తీర్మానంలో ఆముదం అప్పటికే రాసేశారు.

*

ఆ తరవాతి రెండు రోజుల్లో జరిగినవన్నీ ఆ తీర్మానాన్ని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల జరిగినవే.

పట్టణంలోని పసిపిల్లల జాబితా తీయగా వెయ్యిన్నూట అరవై మూడు స్వయంపూరక గుంటలు తేలాయి. అన్ని ఇళ్లకూ ధ్రువపత్రాలు ఆగిపోయాయి. ఒక ఇంట్లో కవలలున్నందున ఆ ఇంటిని 'ప్రమాదకర కూడలి'గా గుర్తించి ఎర్రజెండా పాతారు. రోడ్ల మీది గుంటలను కూడా ఈ కోవలోకి మార్చారు. మాడవీధిలో పదకొండింటికీ పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. రోజూ తెల్లవారగానే పారిశుద్ధ్య సిబ్బంది ఒక్కో గుంటలో గరిటెడు ఆముదం పోసి, చేత్తో నెమ్మదిగా తట్టాలి. తట్టేటప్పుడు జోలపాట ఐచ్ఛికం.

నేను చూడటానికి వెళ్లాను. ఇద్దరు ఆడవాళ్లు గుంట పక్కన గొంతుక్కూర్చుని తడుతున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"పాలు తాగి పడుకున్నాది బాబూ, గట్టిగా మాటాడకండి," అంది ఒకామె. రెండో ఆమె నవ్వు ఆపుకోలేక ఆముదం డబ్బా తన్నేసింది.

నేను నవ్వలేదు. నవ్వాలని ఉన్నా రాలేదు. ఎప్పుడో ఏదో ఒక రోజున నా తల పూర్తిగా పూడిపోయిందని, లోపలికి ఒక కొత్త మాట వెళ్లడానికి ఖాళీ లేకుండా గట్టిపడిందని నాకు అనిపిస్తోంది. అందుకే గుంట అని రాసి ఉంటే నాకు తారు కనపడింది. ఆఫీసు నన్ను మార్చిందని అనుకుంటే సుఖంగానే ఉంటుంది. కానీ 'మాడు'ని 'మాడవీధి'గా దిద్దమని నాకెవరూ చెప్పలేదు. ఆ పని ఇష్టపడి చేశాను.

*

ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం పథకం నియమావళి మొత్తం చదివాను. నూట పన్నెండు పేజీలు. అంతకుముందు దాన్ని ఎవరూ చదివినట్టు లేదు, పేజీలు అతుక్కుని ఉన్నాయి. నలభై ఏడో పేజీలో ఉంది: 'గుంట పూడ్చినట్లు రుజువుగా, పూడ్చుటకు ముందు ఒక ఫోటో, పూడ్చిన పిమ్మట అదే స్థలము నుండి ఒక ఫోటో సమర్పించవలెను. రెండవ ఫోటోలో గుంట కనబడనిచో కంప్యూటరు తనంతట తానే పూడ్చబడినదిగా నమోదు చేయును.'

రెండుసార్లు చదివి, కొత్తపేట వెళ్లాను. కనకం గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"మల్లీ ఏటి నోటీసు?"

"రేపు పొద్దున పదింటికి పిల్లను తీసుకురండి. ఊలు టోపీ ఏదైనా ఉందా?"

"ఈ ఎండకి టోపీయేటి?" అంది దాలమ్మ లోపల్నుంచి.

"రెండు నిమిషాలే."

దాలమ్మ బయటికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. తరవాత ఆమె ముఖంలో నెమ్మదిగా ఏదో వెలిగింది. "ఓసోస్! మూత ఎట్టీమంటావు!"

"రుజువు సమర్పించమంటున్నాను," అన్నాను.

ముప్పయ్యో తారీకు పదింటికి వచ్చారు. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి వెనక నుంచి దాలమ్మ పట్టుకుంది. మొదటి ఫోటో: తల, సన్నటి జుట్టు, నడినెత్తిన కొద్దిగా పల్లం. రెండో ఫోటో: పసుపుపచ్చ ఊలు టోపీ, పైన కుచ్చు. రెండూ పంపాను. తెర మీద చక్రం తిరిగింది. కనకం గుప్పిట బిగించుకుని దాన్నే చూస్తోంది.

'గుంట పూడ్చబడినది. పనితనము: ఉత్తమము. పైభాగమున అదనపు అలంకరణ గమనించడమైనది.'

వెంటనే పక్కనున్న ధ్రువపత్రాల కంప్యూటరులో ఆమె ఇంటి నంబరు మీద ఉన్న ఎర్రగీత పోయింది. "పిల్ల పేరు ఏం రాయమంటారు?" అని అడిగాను.

"పావని," అంది కనకం. "పేరెట్టి మూడు నెల్లయినాది. అడిగినోడు నువ్వే."

ధ్రువపత్రం వేడివేడిగా బయటికి వచ్చింది. రిజిస్టరులో సంతకం చెయ్యాలి. దాలమ్మ మంచినీళ్లకు వెళ్లింది. కనకం అటూ ఇటూ చూసి, పిల్లను నా చేతుల్లో పెట్టేసింది.

"తల కింద సెయ్యెట్టండి. గట్టిగా అదమకండి."

టోపీ జారిపోయింది. సరిచేయబోతే నా వేలికొస ఆ మెత్తటి చోటుకు తగిలింది. కొట్టుకుంటోంది. ఏఈ గారు లీకేజీ అన్నది ఇదే. నేను వేలు తియ్యలేదు, నొక్కలేదు. పావని ఈసారి ఫ్యాను వైపు తిరగలేదు.

ఆమె సంతకం పూర్తిచేసి పిల్లను తీసుకుని, ధ్రువపత్రాన్ని జాకెట్లో దోపుకుని మిల్లు వైపు దాదాపు పరిగెత్తింది. నేను నా నెత్తి తడుముకున్నాను. గట్టిగా ఉంది. ఎప్పుడు పూడిందో రికార్డు లేదు.

*

మధ్యాహ్నానికి కౌంటరు ముందు టోపీలు పెట్టుకున్న పసిపిల్లలతో వరస గేటు దాటింది. వారంలో వెయ్యిన్నూట అరవై మూడు గుంటలూ పూడిపోయాయి. కమిషనర్ గారికి రాజధానిలో శాలువా కప్పారు. టోపీ సంగతి ఎవరి ద్వారా తెలిసిందో గానీ, మాడవీధిలో పదకొండు గుంటల మీద పదకొండు గోనెపట్టాలు కప్పి ఫోటోలు తీసి పంపారు. వాటికీ 'ఉత్తమము' వచ్చింది.

నెల తిరిగాక కంప్యూటరు నుంచి నాకొక ప్రశ్న వచ్చింది. పుణ్యవతి టీచరు నెలనెలా రాసే పిల్లల తల కొలతల్లోంచి అది పట్టుకుంది.

'కొత్తపేటలో పూడ్చిన గుంట చుట్టుకొలత గత నెల నలభై ఒకటిన్నర సెంటీమీటర్లు. ఈ నెల నలభై రెండు. కారణము తెలుపవలెను.'

పాత అలవాటు వేళ్లలో కదిలింది. 'పరిశీలించి చర్య తీసుకొనబడును' అని రాయబోయాయి. ఆపాను. ఈసారి ఎందుకు ఆగాయో నాకు తెలుసు. మా అమ్మ అయితే ఎలా అనేదో అలాగే, అక్షరం దిద్దకుండా రాశాను.

'గుంట ఎదుగుతున్నాది.'

పది నిమిషాల్లో ఫోను మోగింది. కమిషనర్ గారు స్వయంగా చేశారు.

"దేముడు గారూ, ఏమిటిది? గుంట ఎదుగుతోందా? పూడ్చాక కూడానా?"

"అవును సార్. నెలకు అర సెంటీమీటరు."

"ఇంకా ఎదుగుతుందంటారా?"

"చాలా ఎదుగుతుంది సార్."

"దాన్ని ఆపడానికి మన కార్యాలయం తరఫున ఏం చర్యలు తీసుకున్నారు?"

"ఏ చర్యా తీసుకోలేదు సార్," అన్నాను.